విశాఖపట్నం పాత పట్టణ సందర్శన

విశాఖపట్నం పాత పట్టణం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రంలోని విశాఖపట్నం నగరానికి దక్షిణపు కొసన, ఓడరేవు ప్రవేశ కాలువకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్నది. వాడుకలో దీనిని "వన్ టౌన్" అంటారు. 17వ శతాబ్దం చివరలో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది. అప్పటినుండి 1933లో ఓడరేవు ప్రారంభమయ్యేవరకు విశాఖపట్నమంటే ప్రధానంగా ఈ కొద్దిపాటి ప్రదేశమే. ఈ వ్యాసం పాత పట్టణాన్ని, దానితో ముడిపడిన పరిసర స్థలాలను చూడదలచినవారు యాత్రను ఏ విధంగా ఏర్పరచుకోవాలో తెలుపుతుంది.

లండన్, రోము, ప్రేగ్ వంటి ఐరోపా రాజధానులకు వెళ్ళే యాత్రికుడు మొదట పాత నగరంలోనే అడుగుపెడతాడు. వీధి మలుపులో సూచిక ఫలకము, చేతిలో పటము ఉంటాయి. విశాఖకు వచ్చేవారు మాత్రం రామకృష్ణా బీచి, కైలాసగిరి, సింహాచలం, అరకు చూసుకొని తిరిగి వెళ్ళిపోతుంటారు. ఐరోపావారు రెండు వందల యాభై ఏళ్ళపాటు కాపురమున్న వీధులు రైల్వే స్టేషనుకు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, వాటికోసం ప్రత్యేకంగా వచ్చేవారు తక్కువ. ఇక్కడి కట్టడాలలో చాలావాటికి పురావస్తు శాఖ రక్షణ లేదు. కొన్ని ఇప్పటికే పేర్లుగా మాత్రమే మిగిలాయి. కనుక చూడదలచినవారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

పేరు

విశాఖేశ్వరుని ఆలయం వలన ఈ ఊరికి విశాఖపట్నమని పేరు వచ్చిందనీ, ఆ ఆలయం సముద్రంలో మునిగిపోయిందనీ స్థానికుల నమ్మకం. కొండపైనున్న ఇషాక్ మదీనా దర్గాను బట్టి "ఇషాక్‌పట్నం" అనే పేరు ఏర్పడిందని మరొక కథనం ఉంది. శాసనాలలో కులోత్తుంగ చోళుని పేరుతో "కులోత్తుంగచోళపట్టణం" అన్న వ్యవహారం కనిపిస్తుంది. ఆంగ్లేయులు "వైజాగపటం" అని వ్రాసేవారు. "వైజాగ్" అనే నేటి పొట్టి పేరు దానినుండి వచ్చినదే. రైల్వే స్టేషనును 1987 వరకు "వాల్తేరు" అనే పిలిచేవారు. పాత పుస్తకాలతో యాత్రకు బయలుదేరేవారు ఈ పేర్లన్నీ గుర్తుంచుకొంటే తికమక ఉండదు.

చరిత్ర

ఆంగ్లేయుల స్థావరం 1680ల తొలినాళ్ళలో ఏర్పడింది. 1689లో ఔరంగజేబుకు, కంపెనీకి మధ్య జరిగిన తగాదాలలో మొగలు సేనలు దీనిని పట్టుకొన్నాయి. తరువాత కంపెనీవారు తిరిగి వచ్చి కోట కట్టుకొన్నారు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖను వశపరచుకొన్నాడు. మరుసటి సంవత్సరం విజయనగరం పాలకుడు ఆనంద గజపతి రాజు ఫ్రెంచివారిని ఇక్కడినుండి వెళ్ళగొట్టి, ఆంగ్లేయులను సహాయానికి పిలిచాడు. కల్నల్ ఫోర్డు సైన్యంతో విశాఖలో దిగి, 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. ఉత్తర సర్కారుల భవిష్యత్తును నిర్ణయించిన ఆ యుద్ధానికి సేన కదిలింది ఈ ఇరుకు వీధులనుండే.

1780 అక్టోబరు 3న ఇక్కడి సిపాయిలు తిరగబడ్డారు. హైదరాలీతో యుద్ధం కోసం ఓడలెక్కి మద్రాసు వెళ్ళమని ఇచ్చిన ఉత్తరువును వారు ధిక్కరించారు. ఆ అలజడిలో కొందరు ఆంగ్ల అధికారులు చనిపోయారు. 1857 సిపాయిల తిరుగుబాటుకు ఇది 77 సంవత్సరాల ముందుది. అయినా పాఠ్యపుస్తకాలలో దీని ప్రస్తావన అరుదు.

1804 సెప్టెంబరు 15న లినోయిస్ నాయకత్వంలోని మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు రేవులో లంగరు వేసి ఉన్న ఆంగ్ల యుద్ధనౌక సెంచూరియన్‌పై దాడి చేశాయి. ఒక వర్తక నౌక ఫ్రెంచివారికి చిక్కింది. మరొకటి తీరానికి కొట్టుకొనిపోయి పగిలిపోయింది. ఆ రోజులలో ఇక్కడ ఓడలు ఆగేందుకు గోదీలు లేవు. పెద్ద ఓడలు సముద్రంలోనే నిలిచేవి. మనుషులను, సరుకులను నార తాళ్ళతో కుట్టిన మసూలా పడవలలో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు.

మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఎగుమతికి రేవు అవసరమై, ఉప్పుటేరు ముఖద్వారంలోని బురద నేలను తవ్వి ఓడరేవును నిర్మించారు. అలల తాకిడిని ఆపడానికి రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి కాలువ మొగలో ముంచివేశారు. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే నౌక మొదటగా లోపలికి వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించాడు.

పాత పట్టణం వెనుకబడటం కూడా అక్కడినుండే మొదలైందని చెప్పవచ్చు. రేవు పనులు కొండకు లోపలివైపుకు మారాయి. 1926లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరు మెట్టకు వచ్చింది. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న అది జాతికి అంకితమైంది. నగరం ఉత్తరానికీ, పశ్చిమానికీ పెరిగిపోయింది. కోటగోడల ఊరు వెనుక వరుసలో మిగిలిపోయింది.

యాత్రకు అనువైన కాలం

నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు నడకకు అనుకూలం. వేసవిలో ఎండకంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా నగరంపైనే తీరం దాటింది. వేసవిలో రాక తప్పనివారు ఉదయం ఆరు గంటలకే నడక మొదలుపెట్టి పది గంటలలోపు ముగించాలి.

పాత పట్టణానికి ఒక పూట చాలును. అయితే అది ఉదయపు పూట కావాలి. మధ్యాహ్నానికి వీధులు బండ్లతో నిండిపోయి, తల ఎత్తి మిద్దెలను చూడడానికి నిలబడే చోటు దొరకదు. కారులో తిరగడం వృథా. రైల్వే స్టేషను నుండి గాని, ద్వారకా బస్ స్టేషను నుండి గాని సిటీ బస్సులోనో ఆటోలోనో పాత పోస్టాఫీసు వరకు వచ్చి, అక్కడినుండి కాలినడకన చూడాలి. బస్సుల బోర్డులపై ఈ చోటును "ఓ.హెచ్.పి.ఓ." అని వ్రాస్తారు. ఆ పొడి అక్షరాలకు అర్థం పాత హెడ్ పోస్టాఫీసు అని కొత్తవారికి తెలియక బస్సు వదులుకోవడం మామూలే.

పాత పట్టణంలో చూడదగినవి

కోటవీధి, బురుజుపేట: కోట నేడు లేదు. గోడ గాని, బురుజు గాని కనబడవు. కోటవీధి, బురుజుపేట అనే పేర్లు మాత్రమే అది ఉన్నదనడానికి సాక్ష్యంగా నిలిచాయి. బురుజుపేటలో శ్రీ కనకమహాలక్ష్మి ఆలయం ఉన్నది. అమ్మవారికి పైకప్పు లేదు. భక్తులు కుల మత భేదం లేకుండా స్వయంగా తమ చేతులతో పూజ చేయవచ్చు. విగ్రహం 1912లో బావిలో దొరికిందనీ, 1917లో వీధి వెడల్పు చేయడానికి దానిని కొంత దూరం జరిపినప్పుడు ఊరిలో ప్లేగు వ్యాపించగా మళ్ళీ యథాస్థానంలో నిలిపారనీ చెబుతారు. మార్గశిర మాసంలో గురువారాలు విపరీతమైన రద్దీ ఉంటుంది. దర్శనం కొరకు వచ్చేవారికి అది పర్వదినం. పాత కట్టడాలు చూడవచ్చినవారు ఆ గురువారాలను తప్పించుకోవడం మేలు.

ఐరోపావారి పాత శ్మశానం: పాత పట్టణంలో తప్పక చూడవలసినది ఇదే అనవచ్చు. ఇక్కడ సుమారు మూడు వందల ఏళ్ళనాటి సమాధులు ఉన్నాయి. కంపెనీ స్థావర ముఖ్యాధికారిగా పనిచేసిన సైమన్ హోల్కోంబ్ సమాధి వీటిలో ఒకటి. 1780 తిరుగుబాటులో చనిపోయిన అధికారుల స్మారకము కూడా ఇక్కడే ఉన్నది. ఇతర సమాధులపై ఉన్న వయసులను గమనిస్తే ఇరవై, ముప్పై ఏళ్ళవారు, పసిపిల్లలు ఎందరో కనిపిస్తారు. వర్తకం కోసం వచ్చినవారిని ఇక్కడి జ్వరాలు ఎంత త్వరగా తీసుకొనిపోయాయో తెలుసుకోవడానికి వేరే గ్రంథం అక్కరలేదు. గేటుకు తాళం వేసి ఉండవచ్చును. చుట్టుపక్కలవారిని మర్యాదగా అడిగితే తాళం ఎవరి వద్ద ఉందో చెబుతారు. రాళ్ళపై అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఉదయపు ఏటవాలు వెలుతురులోనే అవి స్పష్టంగా కనబడతాయి. చదవడం కోసం వాటిపై సున్నం గాని, సుద్ద గాని రుద్దరాదు.

సెయింట్ అలోషియస్ పాఠశాల: 1847లో స్థాపించబడినది. నోబెల్ బహుమతి గ్రహీత సర్ చంద్రశేఖర వెంకట రామన్ బాల్యంలో ఇక్కడ చదివాడు. ఆయన తండ్రి ఈ ఊరిలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. ఇది పనిచేస్తున్న పాఠశాల కనుక బయటనుండి చూడడమే సబబు. లోనికి వెళ్ళదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవాలి.

మూడు కొండలు: ప్రవేశ కాలువ ఒడ్డున వరుసగా ఉన్న మూడు గుట్టలపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఇషాక్ మదీనా దర్గా, మేరీమాత చర్చి ఉన్నాయి. చర్చి ఉన్నదానిని రాస్ కొండ అంటారు. 1864లో రాస్ అనే దొర ఈ కొండపై ఇల్లు కట్టుకొన్నాడు. తరువాత ఆ చోటు ప్రార్థనా స్థలంగా మారింది. డిసెంబరు 8న ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. వేంకటేశ్వరాలయాన్ని బ్లాక్‌మూర్ అనే ఆంగ్ల అధికారి కట్టించాడని ప్రతీతి. దర్గా ఎదుటనుండి పోయే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి వందనం చేసేవని బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలు చెబుతున్నాయి. సమయం తక్కువగా ఉన్నవారు రాస్ కొండ ఒక్కటి ఎక్కినా చాలు. ప్రవేశ కాలువ, ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండ, లోపలి రేవు, వెనుక పాత పట్టణపు పెంకుటిళ్ళు, మిద్దెలు ఒకేసారి కనిపిస్తాయి. ఊరు ఇక్కడే ఎందుకు పుట్టిందో పైనుండి చూస్తే అర్థమవుతుంది. అదృష్టముంటే కొండ పాదాన్ని రాసుకొని పోతున్నట్లుగా ఒక పెద్ద ఓడ రేవులోకి వెళ్ళడం చూడవచ్చు.

టౌన్ హాలు, రాణీ బొమ్మ, కురుపాం మార్కెట్: టౌన్ హాలు బొబ్బిలి సంస్థానాధీశుని విరాళంతో నిర్మించబడింది. చాలాకాలం శిథిలావస్థలో ఉన్న ఈ భవనానికి స్మార్ట్ సిటీ పథకంలో మరమ్మతులు జరిగాయి. పాత రాతికట్టడాన్ని కూల్చకుండా నిలబెట్టవచ్చునని చూపడానికి నగరంలో ఇది మంచి ఉదాహరణ. విక్టోరియా రాణి కంచు విగ్రహాన్ని స్థానికులు "రాణీ బొమ్మ" అంటారు. దీనిని కురుపాం జమీందారు బహూకరించాడు. ఆ జమీందారీ పేరుతోనే ఉన్న కురుపాం మార్కెట్ ప్రాంతం బంగారు నగల దుకాణాలకు ప్రసిద్ధి.

కనుమరుగైనవి

గోడే వెంకట జగ్గారావు 1840లో తన సొంత ధనంతో ఇక్కడ ఖగోళ వేధశాలను నెలకొల్పాడు. 1856లో ఆయన మరణించిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా పోవడాన్ని ఆయన ఇక్కడినుండి పరిశీలించాడు. ఎ.వి.ఎన్. కళాశాల పేరులో ఉన్నది ఈయన పేరే. వేధశాల ఉన్న డాబా తోటలే నేటి డాబా గార్డెన్స్ అంటారు. అక్కడ నేడు దుకాణాలు, ఆఫీసులు తప్ప చూడడానికి ఏమీ లేదు. ఒక తెలుగువాడు సొంతంగా కట్టించిన వేధశాల ఆనవాలు లేకుండా పోవడం విచారకరం.

ఇక విశాఖ పనివారు ఏనుగు దంతంతో, గంధపు చెక్కతో చేసిన పెట్టెలు, బల్లలు మరొక విధంగా కనుమరుగయ్యాయి. దంతపు రేకులపై లతలు చెక్కి, గీతలలో నల్ల లక్క నింపడం వీటి ప్రత్యేకత. కంపెనీ ఉద్యోగులు వీటిని కొని స్వదేశానికి తీసుకొనిపోయారు. అందువలన "వైజాగపటం పని" అనే ఈ కళను చూడగోరేవారు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్లకు వెళ్ళవలసి ఉంటుంది. విశాఖ వీధులలో అటువంటి పెట్టె కనబడడం దాదాపు లేదు.

మధ్యాహ్నం: సముద్రపు ఒడ్డు

భోజనం తరువాత బీచి రోడ్డు వెంట ఉత్తరానికి సాగవచ్చు. దారిలో జయపురం రాజులు కట్టించిన హవా మహల్ ఉన్నది. డచ్చి బంగళాగా పేరుపొందిన భవనంలో 1991 నుండి విశాఖ మ్యూజియం నడుస్తున్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. అప్పుడు పేలకుండా పడిన ఒక బాంబును ఈ మ్యూజియంలో ఉంచారు. ఆ దాడితో బెదరి జనం ఊరు విడిచి పల్లెలకు పోయారు. సైనికులు తుపాకులతో కాపలా ఉండడానికి కట్టిన కాంక్రీటు గదులు రామకృష్ణా బీచి ఇసుకలో నేటికీ కనిపిస్తాయి. వాటిని చెత్తకుండీ కట్టడాలుగా భావించి దాటిపోయేవారే ఎక్కువ.

కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించింది. 2002 ఆగస్టులో బీచి ఒడ్డున ప్రదర్శనశాలగా మారింది. పొడవు సుమారు 91 మీటర్లు. లోపలి మార్గం చాలా ఇరుకైనది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు బయట కూర్చోవడం మంచిది. సోమవారం సెలవు. ఎదుటనే టి.యు.-142 విమాన ప్రదర్శనశాల ఉన్నది. ఇది 2017 డిసెంబరులో ప్రారంభమైనది. 1971 యుద్ధంలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి ఈ తీరానికి సమీపంలోనే మునిగిపోయింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా నిర్మించిన స్మారకం కూడా ఈ రోడ్డుపైనే కలదు.

రెండవ రోజు

డాల్ఫిన్స్ నోస్ కొండ పాత పట్టణానికి కాలువ ఆవలనే కనబడుతున్నా, రోడ్డున సింధియా మీదుగా చుట్టి వెళ్ళాలి. కొండ నౌకాదళం అధీనంలో ఉన్నది. పైనున్న దీపస్తంభానికి సందర్శకులను మధ్యాహ్నం తరువాత కొద్ది గంటలు మాత్రమే అనుమతిస్తారు. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. నౌకాదళ స్థావరాల వైపు ఫొటోలు తీయరాదు. అనుమతి వేళలు మారుతుంటాయి కనుక వెళ్ళేముందు విచారించుకోవలెను. ఉదయం సింహాచలం వెళ్ళి, సాయంత్రానికి ఇక్కడికి రావడం అనుకూలంగా ఉంటుంది. సింహాచల దేవాలయంలో 11వ శతాబ్దపు శాసనం మొదలుకొని శ్రీకృష్ణదేవరాయల శాసనాల వరకు ఉన్నాయి. రాయలవారు 1516లోనూ, 1519లోనూ ఈ స్వామిని దర్శించారు.

మూడవ రోజు: భీమునిపట్నం

విశాఖలో ఆంగ్లేయులు ఉన్నట్లే భీమునిపట్నంలో డచ్చివారు ఉండేవారు. తెలుగువారు వీరిని ఒలందావారు అనేవారు. 17వ శతాబ్దంలో నెలకొన్న ఈ స్థావరం 1824 సంధి ననుసరించి మరుసటి సంవత్సరం ఆంగ్లేయుల పరమైంది. డచ్చివారి శ్మశానం, గంటస్తంభం, పాత దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఇక్కడ చూడవచ్చు. 1861లో ఏర్పడిన భీమునిపట్నం పురపాలక సంఘం దేశంలోని పాత పురపాలక సంఘాలలో ఒకటి. పాత విశాఖ ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే, రద్దీ తక్కువగా ఉన్న భీమిలి వీధులలో ఒక గంట నడవడమే సులభమైన మార్గం.

నగరంనుండి బీచి రోడ్డు మీదుగా సిటీ బస్సులు నడుస్తాయి. దారిలో తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. తొట్లకొండను 1976లో నౌకాదళంవారు విమాన సర్వేలో గుర్తించారు. బస్సు దిగిన చోటునుండి కొండ పైకి దూరం ఎక్కువ కనుక పెద్దలతో వచ్చేవారు ఆటో మాట్లాడుకోవాలి. శంకరం వద్దనున్న బొజ్జన్నకొండ దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో, అనకాపల్లి సమీపంలో ఉన్నది. రెంటినీ ఒకే రోజులో చూడాలనుకోవడం రోడ్డు మీద రోజు గడపడమే అవుతుంది.

సూచనలు

పాత పట్టణంలోని ఇళ్ళలో నేటికీ కుటుంబాలు నివసిస్తున్నాయి. అరుగులు, కిటికీలు బాగున్నవని అనుమతి లేకుండా ఫొటోలు తీయడం వారికి నచ్చదు. అడిగినచో చాలామంది తామే లోనికి పిలిచి చూపుతారు. ఈ ప్రాంతపు మనుషుల మాట, బ్రతుకు తెలియగోరేవారు బయలుదేరే ముందు రాచకొండ విశ్వనాథశాస్త్రి కథలు కొన్నైనా చదవడం మంచిది. మంచినీరు, టోపీ వెంట ఉండాలి. పాత పోస్టాఫీసు నుండి కోటవీధి, శ్మశానం, రాస్ కొండ, బురుజుపేట, టౌన్ హాలు, కురుపాం మార్కెట్ అనే వరుసలో నడిస్తే, రెండు చోట్ల ఆగి టీ త్రాగినా నాలుగు గంటలలో ముగుస్తుంది.